తుఫాను ఎటు మళ్ళింది

టీచరమ్మ పోయిందని నాకు బిట్రగుంట స్టేషన్లో తెలిసింది. నెల్లూరు వైపు బండి ఆలస్యమంటే ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉన్నాను. పక్కన ఎండుచేపల బుట్ట పెట్టుకుని కూర్చున్న ఒకామె నన్ను కాసేపు తేరిపార చూసింది.

"నువ్వు సచివాలయం మేడమ్మువి గదా? మా ఊళ్ళో టీచరమ్మ ఇంట్లో బాడుగకుండినావే?" అంది.

అవునన్నాను.

"ఆయమ్మ పొయ్యింది మేడం. రెణ్ణెల్లయింది. పొద్దున కాఫీ తాగి గోడకి ఆనుకోని కూర్చున్నామె కూర్చున్నట్టే పొయ్యింది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆయమ్మ ప్రార్థన చేయబట్టే ఆనాడు తుఫాను సముద్రంలోనే ఆగిపొయ్యింది. ఇంక మా ఊరికి ఎవురుండారు?" అంది.

నేను తల ఊపాను. ఊపిన తరువాత, ఎందుకు ఊపానా అనిపించింది. ఆమె అంటున్న తుఫాను నాడు నేను టీచరమ్మ పక్కనే ఉన్నాను. ఆ రోజు ఆమె ప్రార్థన చెయ్యలేదు. ఆ సంగతి ఆమే నాకు చెప్పింది. ఆ తరువాత కొద్ది రోజులకే, అదే నోటితో, అంతకు ముందరి తుఫాను గురించి నాకొకలా చెప్పి, ఇంకొకరి ముందు ఇంకోలా ఒప్పుకుంది. అప్పుడూ నేను పక్కనే ఉన్నాను. ఈ రెండింటినీ ఎలా కలుపుకోవాలో నాకు అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియడం లేదు.

మాది ఆత్మకూరు వైపు. వరి పండించే ఇల్లు. గ్రామ సచివాలయంలో ఉద్యోగం వచ్చి సముద్రం పక్కనున్న ఆ ఊరికి వెళ్ళేదాకా నేను క్రైస్తవుల ఇంట్లో మంచినీళ్ళు తాగిన దాన్ని కూడా కాదు. తాగకూడదని కాదు, ఆ అవసరం రాలేదు. ఆ ఊళ్ళో సగం మంది పడవల మీద బతికేవాళ్ళు, సగం మంది ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళు. ఆడపిల్ల ఒంటరిగా ఉండడానికి తగిన గది ఒక్క టీచరమ్మ ఇంట్లోనే ఉందన్నారు.

టీచరమ్మ అంటారే గాని ఆమె బడిలో పాఠం చెప్పిన మనిషి కాదు. అంగన్‌వాడీలో ఆయాగా చేసి దిగిపోయింది. చర్చిలో ఆదివారం పూట పిల్లలకు బైబిలు కథలు చెప్పేది కాబట్టి ఆ పేరు స్థిరపడింది. భర్త కామెర్లతో ఏనాడో పోయాడు. పిల్లలు లేరు. బక్కపలచని మనిషి. కళ్ళజోడుకు ఒకవైపు కాడ విరిగిపోతే దారం కట్టి చెవికి తగిలించుకునేది. నేను ఆమెను పెద్దమ్మా అనేదాన్ని. ఆమె నన్ను "మే" అని పిలిచేది. మా వైపు తల్లులు కూతుళ్ళను పిలిచే పిలుపే అది. అందుకే మొదటి రోజే కొత్త పోయింది.

ఆ ఊళ్ళో ఎవరితో మాట్లాడినా మాట మధ్యలో ఒకసారి తలెత్తి ఆకాశం వైపు చూస్తారు. వల బాగుచేసుకునేవాడు చూస్తాడు, ఉప్పు పోగుచేసే మనిషి చూస్తుంది, టీ కొట్టు దగ్గర నిలబడినవాడు గ్లాసు అందుకుంటూ చూస్తాడు. టీచరమ్మ చూసేది కాదు. అది నేను మొదటి వారంలోనే కనిపెట్టాను. తూర్పున మబ్బు నల్లగా కమ్ముకుని వస్తుంటే ఆమె బావి దగ్గర గుడ్డలు ఉతికి తీగ మీద ఆరేసేది.

"ఇప్పుడెందుకు ఆరేస్తా ఉండావు పెద్దమ్మా? వాన వస్తా ఉంటే?"

"వాన ఆయన పని. గుడ్డలు నా పని. ఎవురి పని వాళ్ళు చేసుకుంటే పోతాది గదా మే."

వాన వచ్చేది. ఆమె తొందరపడకుండా ఒక్కొక్క గుడ్డే తీసి భుజాన వేసుకుని లోపలికి వచ్చేది. వెలిస్తే మళ్ళీ ఆరేసేది. ఒక్కో రోజు మూడుసార్లు. అది విశ్వాసమో మొండితనమో నాకు అంతుపట్టేది కాదు. మా ఊళ్ళో కూడా వానలు ముఖం చాటేస్తే గుళ్ళో శివుడి మీద కడవలకొద్దీ నీళ్ళు పోస్తారు. కాబట్టి వాన దేవుడి చేతిలో ఉంటుందన్న మాట నాకు కొత్త కాదు. ఆ చేతిని మనుషులు కదిలించగలరా లేదా అన్న దగ్గరే ఆమె నన్ను తికమక పెట్టింది.

ఆదివారం పిల్లలకు ఆమె చెప్పే కథల్లో గాలీ వానా ఎక్కువ. దేవుడికి మంచు దాచే కొట్లు, వడగళ్ళు దాచే కొట్లు ఉన్నాయని బైబిల్లో యోబు కథలో వస్తుందట. పిల్లలకు మంచు కొట్టంటే ఏమి తెలుస్తుంది? అందుకని ఒకసారి అందరినీ వరసగా నడిపించుకుని రేవు దగ్గరి ఐసు ఫ్యాక్టరీకి తీసుకుపోయింది. చేపలకు వేసే ఐసు దిమ్మలు గోడంత ఎత్తున పేర్చి ఉంటే, "ఇట్టాంటివి ఆయనకాడ ఎన్నుంటాయో లెక్కేసుకోండి" అందట. పిల్లలు చల్లటి చేతులతో, ముక్కులు కారుతూ తిరిగొచ్చారు. తల్లులు వచ్చి పోట్లాడారు. ఆమె నవ్వుతూ నిలబడింది.

ఇంకొక కథ ఉంది. యేసు దోనెలో నిద్రపోతుంటే తుఫాను లేస్తుంది. శిష్యులు భయపడి ఆయన్ను లేపుతారు. ఆయన లేచి గాలిని గద్దిస్తాడు, సముద్రం నిమ్మళిస్తుంది. నాలాంటి వాళ్ళకు కూడా తెలిసిన కథే. అయితే టీచరమ్మ ఆ కథ ముగిశాక పిల్లలను ఎప్పుడూ ఒకటే ప్రశ్న అడిగేది. ఆ రోజు ఆ దోనె వెనక ఇంకొన్ని దోనెలు కూడా వచ్చాయని రాసి ఉందట.

"ఆ దోనెల్లో ఉండేవోళ్ళు ఎవుర్ని లేపినారు?" అనేది.

పిల్లలకు జవాబు తెలిసేది కాదు. ఆమె చెప్పేదీ కాదు. "పోయి ఆలోచించుకోని రండి" అని లేచేది. ఒకసారి ఇంటికి వచ్చాక నేను అడిగాను, "ఎవరినీ లేపలేదు కదా పెద్దమ్మా, వాళ్ళకు ఊరికే నిమ్మళించింది" అని. ఆమె నా ముఖంలోకి చూసి, పొయ్యి మీద అన్నం వంచాలని వెళ్ళిపోయింది.

వాన కోసం ఆమె దగ్గరకు మనుషులు వచ్చేవాళ్ళు. అది మొదట నాకు వింతగా ఉండేది. క్రైస్తవులే కాదు, అందరూ వచ్చేవాళ్ళు. ఒకరోజు పొద్దున్నే ఉప్పు మడుల మేస్త్రి వచ్చాడు. ఆయన చర్చి పెద్ద కూడా. మడుల్లో ఉప్పు తేలి ఉంది, ఎత్తేదాకా నాలుగు రోజులు వాన పడకుండా చూడమని దేవుడికి చెప్పు అన్నాడు. ఆయన గేటు దాటాడో లేదో పై ఊరి నుంచి ఒక రెడ్డిగారు మోటార్ సైకిల్ మీద వచ్చి దిగారు. నారుమడి ఎండిపోతోంది, ఒక్క పదును వాన పడితే చాలు, మీ దేవుడికి ఒక మాట చెప్పమ్మా అన్నారు. ఇద్దరికీ ఆమె "చెప్తాలే" అనే అంది.

ఆయన కూడా వెళ్ళిపోయాక నేను నవ్వు ఆపుకోలేకపోయాను. "ఇప్పుడేమని అడుగుతావు పెద్దమ్మా?"

"అడగను."

"చెప్తానన్నావే?"

"చెప్తా. ఇద్దరొచ్చినారు, ఒకాయన వొద్దన్నాడు, ఒకాయన కావాలన్నాడు అని చెప్తా. అడగమంటే మాత్రం అడగను."

తేడా ఏమిటో నాకు అర్థం కాలేదు. అర్థమైంది ఆ ఏడు కోతపండుగ నాడు. చర్చిలో కొత్త పంటను, కాయగూరలను, కోళ్ళను తెచ్చి దేవుడి ముందు పెట్టే పండుగ అది. నన్ను కూడా రమ్మంటే వెళ్ళి వెనక చాప మీద కూర్చున్నాను. పాస్టరు అయ్యగారు ఏలీయా ప్రవక్త గురించి చెప్పారు. ఏలీయా ప్రార్థన చేస్తే మూడున్నరేళ్ళు వాన పడలేదట, మళ్ళీ ప్రార్థన చేస్తే అరచేతంత మబ్బు లేచి కుండపోతగా కురిసిందట. అయ్యగారు గొంతు పెంచి, "మన సంఘంలో కూడా ఒక ఏలీయా ఉంది. ఆమె మోకాళ్ళ మీద ఉండబట్టే ఆ పెద్ద తుఫాను మన ఊరి మీదకి రాకుండా మళ్ళిపోయింది" అన్నారు. ఆ తుఫాను నేను ఆ ఊరికి రాక ముందటిది. జనం అంతా తిరిగి టీచరమ్మ వైపు చూసి స్తోత్రం అన్నారు.

ఆమె లేచి, చెప్పులు వేసుకుని, ఇంటికి నడిచిపోయింది.

నేను వెనకే వెళ్ళాను. ఆమె బావి గట్టు మీద కూర్చుని కత్తిపీట ముందు పెట్టుకుని చేపలకు పొలుసు తీస్తోంది. నేను అడగకుండానే మాట్లాడింది.

"ఏలీయా మూడేళ్ళు వాన ఆపించినాడని చెప్తారు. ఆ మూడేళ్ళు ఎవురి గొడ్లు సచ్చినాయి, ఎవురి బిడ్డలు ఎండిపొయ్యినారు, అది రాసి లేదు మే."

"ఆ తుఫానప్పుడు నువ్వు ప్రార్థన చేసింది నిజమేనా పెద్దమ్మా?"

"నిజమే. ఒక పగలంతా మోకాళ్ళ మీదుండినా. మళ్ళించు తండ్రీ, మళ్ళించు తండ్రీ అని అడిగినా. ఎటు మళ్ళించమనో చెప్పలా."

తుఫాను ఉత్తరానికి జరిగి తీరం దాటింది. ఆమె చెల్లెలి ఊరు కావలి దాటాక అటువైపే ఉంది. గాలికి పశువుల కొట్టం ఊగుతుంటే చెల్లెలి భర్త బర్రెను విప్పుకుని రావడానికి పోయాడు. గోడ కూలి మీద పడింది. ఇక్కడ జనం టీచరమ్మకు దండలు తెచ్చిన రోజునే అక్కడ ఆయన్ను సమాధి చేశారు.

"పోయి కూర్చున్నా శవం కాడ. నా చెల్లెలు నన్ను చూసి ఒకటే మాట అనింది. నీ ఊరి మీద నించి నా ఊరి మీదకి తోసినావు గదక్కా అనింది. అంతే. మళ్ళీ నాతో మాట్లాడలా."

"అది నీ తప్పెట్లా అవుతుంది? తుఫాను ఎటు పోవాలో అటు పోతుంది."

"అట్టయితే నా ప్రార్థన వల్ల ఈడ తప్పిపోయింది కూడా అబద్ధమే గదా? ఇది నేను చేసినా అంటే అది కూడా నేను చేసినట్టే. అది నేను చెయ్యలా అంటే ఇదీ నేను చెయ్యలా. అప్పుడు ఆయన నా మాట వినలేదన్నట్టే. యాడ నిలబడాల నేను?"

చేప తోక పట్టుకుని ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది. చెల్లెలి భర్త పోయినప్పటి నుంచి ఆమె దేవుడిని వాతావరణం గురించి ఏదీ అడగడం మానేసింది. వచ్చినవాళ్ళ సంగతి ఆయనకు చేరవేసేది, అంతే. ఊళ్ళో ఎవరికీ ఇది తెలియదు.

ఆ మరుసటి ఏడు కార్తీకంలో సముద్రంలో పెద్ద తుఫాను లేచింది. సరిగ్గా మా ఊరి పక్కనే తీరం దాటవచ్చని సమాచారం వచ్చింది. రేవు దగ్గర గుడిసెల్లో ఉన్నవాళ్ళనూ, ఉప్పు మడుల పక్క కాలనీ వాళ్ళనూ అందరినీ బస్సుల్లో ఎక్కించి సముద్రానికి దూరంగా లోపలికి తరలించమని మాకు ఆర్డరు. పొద్దున ఎనిమిదింటికి రెండు బస్సులు వచ్చి చర్చి ముందు ఆగాయి. పదకొండయినా ఒక్కరు ఎక్కలేదు. నేను ఇల్లిల్లూ తిరిగాను. బతిమాలాను, అరిచాను. ఉప్పు మేస్త్రి అరుగు మీద తాపీగా కూర్చుని ఉన్నాడు.

"యాడికి మేడం పోయేది? టీచరమ్మ ఉండాది గదా. ఆయమ్మ మోకాళ్ళేస్తే దానంతట అదే మళ్ళిపోతాది. పోయినసారి చూడలా మేము?"

ఆయన చుట్టూ ఉన్న ఆడవాళ్ళు తలలాడించారు. వాళ్ళల్లో ఒకామె నెలలు నిండిన గర్భిణి. పరుగున ఇంటికి పోయాను. టీచరమ్మ అంట్లు తోముతోంది.

"పెద్దమ్మా, నీ పేరు చెప్పుకోని ఎవురూ కదలడం లేదు. నువ్వొచ్చి చెప్పాల."

ఆమె గిన్నె కడిగి బోర్లించింది. ఇంకొకటి తీసుకుంది.

"నేను బయల్దేరితే వాళ్ళు బయల్దేరతారు. అది నాకు తెలుసు. కానీ నేను బయల్దేరితే ఆయన మీద నాకు నమ్మకం లేదంటారు మే."

"ఉందా పెద్దమ్మా?" అని అడిగేశాను. ఆ సమయంలో అడగాల్సిన మాట కాదు.

ఆమె చేతులు కడుక్కుని, "బస్సు యాడుంది?" అంది.

ఒక చీర, బైబిలు, మందుల డబ్బా గుడ్డసంచిలో పెట్టుకుని ఊరి మధ్య నుంచి నడిచి వచ్చింది. జనం నోళ్ళు తెరిచి చూస్తున్నారు. మొదటి బస్సు ఎక్కి డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. మేస్త్రి ఉలిక్కిపడి లేచి కిటికీ దగ్గరకు వచ్చాడు.

"టీచరమ్మా, నువ్వే పోతే ఎట్టా? ఒక్క మాట ఆయనకి చెప్పరాదా?"

"ఆయనకి తెలీకుండా వస్తా ఉండాదా అది? ఎక్కు నాయనా, ఎక్కు."

"అంటే ఈసారి మళ్ళదా?"

"నాకేం తెలుసు? ఆ కడుపుతో ఉండే బిడ్డని ముందర ఎక్కించు."

ఆయన ముఖం చూడలేకపోయాను. చిన్నపిల్లవాడి చేతిలో వస్తువు లాక్కుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. కానీ అరగంటలో రెండు బస్సులూ నిండాయి. ఎక్కేటప్పుడు ఆడవాళ్ళు ఆమె వైపు చూడకుండా ఎక్కారు.

లోపల ఒక కాలేజీ గదుల్లో మాకు బస. చేరగానే పాస్టరు అయ్యగారు అందరినీ హాల్లో కూర్చోబెట్టి టీచరమ్మను ప్రార్థన నడిపించమన్నారు. గొంతు పట్టుకుందని చెప్పి ఆమె వంటలు చేస్తున్న షెడ్డులోకి వచ్చింది. అక్కడ నేను బియ్యం, పప్పు చూసుకుంటున్నాను. ఆమె ఒక ఉల్లిపాయల బస్తా ముందు పీట వేసుకుని కూర్చుంది. హాల్లో పాటలు, ఏడుపులు, కేకలు వినిపిస్తున్నాయి. ఆమె తరుగుతూనే ఉంది. మనిషికి ఎన్ని కావాలో అంతకు రెండింతలు తరిగింది. నేను చాలు అన్నా ఆపలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి తుఫాను సముద్రంలోనే బలహీనపడిందని, వాన తప్ప ఏమీ ఉండదని ఫోన్లు వచ్చాయి. ఏ ఊరి మీదకూ పోలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. జనం కేకలు వేసుకుంటూ షెడ్డులోకి దూసుకువచ్చారు. టీచరమ్మ అప్పటికి రెండో పూట ఉల్లిపాయల ముందు కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా వాచి, బుగ్గల మీద నీళ్ళు కారుతున్నాయి. అది చూసి వాళ్ళు ఇంకా కరిగిపోయారు. మేస్త్రి ఆమె ముందు చతికిలబడి, "మాకు కనపడకుండా ఈడ కూర్చోని ఏడ్చినావా తల్లీ" అని ఆమె రెండు చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆమె కాదనడానికి నోరు తెరిచింది. ఎవరూ వినలేదు.

ఊరికి తిరిగొచ్చాక, ఇల్లంతా ఊడ్చి కడిగి, ఇద్దరం గడప మీద కూర్చున్నప్పుడు నేనడిగాను.

"నిజం చెప్పు పెద్దమ్మా. ప్రార్థన చేసినావా?"

"లేదు మే. నోరు మెదపలా. లోపల కూడా మెదపలా. లోపల వస్తా ఉంటే ఇంకో ఉల్లిగడ్డ తీసుకున్నా."

"ఎందుకట్లా?"

"అడిగితే అది ఎటన్నా పోవాల గదా."

ఆ తరువాత నాలుగైదు రోజులు ఆమెకు నిలకడ లేదు. గుడ్డలు ఉతికి ఆరెయ్యకుండా బకెట్లో వదిలేసింది. ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాకిట్లో నిలబడి తల వెనక్కి వంచి ఆకాశం చూస్తోంది. అంతకు ముందు నేను ఆమెను అలా చూడలేదు. నన్ను చూసి గబగబా దగ్గరకు వచ్చింది.

"అడక్కుండానే ఆపినాడు గదా మే. అంటే ముందుసారి కూడా నేను అడిగినందుకు కాదేమో. ఆయనే ఎట్టనుకున్నాడో అట్ట చేసినాడేమో. ఆ ఎనక దోనెల్లో ఉండినోళ్ళల్లే నేను కూడా ఊరికే కూర్చోనుంటినేమో. అట్టయితే నా చెల్లెలి మొగుణ్ణి చంపింది నేను కాదు గదా?"

"కాదు పెద్దమ్మా. కానే కాదు."

"రేపు నీకు సెలవే గదా. నాతో తోడు రా. నా చెల్లెలికి చెప్పొస్తాం."

మర్నాడు రెండు బస్సులు మారి వెళ్ళాం. దారి పొడుగునా ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి. చెల్లెలికి చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటోందని నాకు తెలుసు. చెల్లెలు చిన్న పెంకుటింటి ముందు గోనెపట్టా పరుచుకుని చింతకాయలు కొడుతోంది. అక్కలాగే బక్కమనిషి. తలెత్తి చూసింది. మళ్ళీ తల దించి సుత్తితో కొట్టసాగింది. కూర్చోమనలేదు. మేమే కూర్చున్నాం.

టీచరమ్మ అంతా చెప్పింది. బస్సు ఎక్కింది, ఉల్లిపాయలు తరిగింది, ప్రార్థన చెయ్యకపోయినా తుఫాను ఆగిపోయింది, అన్నీ. "కాబట్టి అప్పుడు కూడా నా వల్ల కాదే. ఆయన చిత్తం అది. నేను తోసిందేం లేదు" అని ముగించింది. ఆమె గొంతులో బరువు దింపుకున్న మనిషి ఊపిరి వినిపించింది.

చెల్లెలు సుత్తి పక్కన పెట్టింది.

"ఏంది, ఊరకే పొయ్యినాడా అయితే నా మొగుడు?"

"అట్టా కాదే..."

"ఎట్టా మరి? ఇన్నాళ్ళూ నీ మీద పడి ఏడ్చినా. పొద్దున లేస్తే నిన్ను తిట్టుకుంటా కడుపు నింపుకున్నా. నువ్వు తోసినావు కాబట్టి పోయినాడనుకున్నా. ఇప్పుడొచ్చి నేను కాదంటా ఉండావు. నువ్వు కాకపోతే నేనెవురిని తిట్టాల? ఆయన్నా? ఆయన్ని తిడితే నాకింక ఎవురుండారు? దేవుడు కూడా లేకుండా చేసి పోతావా నన్ను?"

నాకు లేచి పోదామనిపించింది. టీచరమ్మ మాత్రం కదల్లేదు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు చెల్లెలి చేతుల వైపు, ఆ చింతపండు అంటుకున్న వేళ్ళ వైపు చూసింది.

"నేనే చేసినాలే" అంది.

"ఏంది?"

"నేనే అడిగినా. నేనే తోసినా. నీ ఊరి మీదకి పోతాదని తెలిసి కూడా అడిగినా. నన్నే తిట్టు."

చెల్లెలు ముందుకు ఒరిగి ఆమె భుజం మీద కొట్టింది. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. చింతపండు మరకలు తెల్ల చీర మీద పడ్డాయి. కొడుతూ కొడుతూ ఆమె మెడ పట్టుకుని బావురుమంది. "ఇన్నేళ్ళు ఎందుకు రాలేదే? ఒక్కసారన్నా వచ్చినావా?" అని అడుగుతూ ఏడ్చింది. తరువాత లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. మధ్యాహ్నం మాకు అన్నం పెట్టింది. పెడుతూ కూడా తిడుతూనే ఉంది. టీచరమ్మ తల వంచుకుని తింది, రెండోసారి అడిగి పెట్టించుకుంది.

తిరుగు బస్సులో నేను ఊరుకోలేకపోయాను.

"ఏది నిజం పెద్దమ్మా? నాకు చెప్పిందా, ఆమెకు చెప్పిందా?"

"ఆమెకి అబద్ధం చెప్పలా నేను."

"అయితే నాకు చెప్పింది అబద్ధమా?"

"అదీ కాదు."

"రెండూ ఎట్లా నిజమవుతాయి?"

"నాకూ తెలీదు మే. తల నొప్పిగా ఉండాది, కాసేపు పండుకోనీ" అని నా భుజం మీద తల పెట్టుకుంది. నిజంగానే నిద్రపోయింది.

ఆ తరువాత నాకు కృష్ణపట్నం వైపు బదిలీ అయింది. మొదట్లో ఫోన్లు చేసుకునేవాళ్ళం. పెళ్ళి, కాన్పు, పని, ఇవన్నీ మీద పడి అవీ పల్చబడ్డాయి. నేనున్నంత కాలం ఆమె మళ్ళీ వానను గాని గాలిని గాని దేవుడిని అడగడం చూడలేదు. నేను వచ్చేశాక ఏమి చేసిందో తెలియదు.

బిట్రగుంటలో ఆ కబురు విన్నాక మనసు ఆగలేదు. వచ్చిన ఆదివారం ఆమె చెల్లెలి ఊరికి వెళ్ళాను. ఆమె నన్ను గుర్తుపట్టింది. మజ్జిగ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. ముసలితనం బాగా కమ్మేసింది.

"ఆనాటి నించి దినామూ ఫోను చేసేదాన్ని నేను. గాలి కొంచెం లేస్తే చాలు, ఏం అడిగినావే మళ్ళీ అని తిట్టేదాన్ని. నవ్వేది. పెట్టెయ్యకుండా మొత్తం వినేది" అంది. గడప వైపు ఒకసారి చూసి, "నీకొక మాట చెప్తా. ఎవురికీ చెప్పలా" అంది.

"చెప్పు పిన్నమ్మా."

"ఆ దినం ఆమె ఒకతే మోకాళ్ళేసిందా? నేను కూడా ఏసినా. ఈ ఇంట్లోనే. మళ్ళించు తండ్రీ అని నేను కూడా పొద్దంతా అడిగినా. ఇద్దరం ఒకటే అడిగినాం. ఆమె మాట ఇన్నాడు, నా మాట ఇనలా. నా మొగుడు పొయ్యినదానికంటే నాకు అదే ఎక్కువ కాలింది. ఆమె మీద కోపం కాదు అది. ఒక తల్లి కడుపున పుట్టినాం, ఒకామెది ఇని ఒకామెది ఇనకపోతే ఎట్టా?"

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. "ఈ మాట ఆమెకు చెప్పినావా?" అన్నాను.

"ఎట్టా చెప్పేది? చెప్తే ఆమె జన్మలో ఇంక ఆయన్ని ఏదీ అడగదు. ఆమె గుణం నాకు తెలుసు. ఆ ఊరంతా ఆమె మోకాళ్ళ మీదే ఉండాది గదా. అందుకే లోపలే పెట్టుకోని, తిట్టి ఊరుకున్నా." ఆమె నా వైపు వంగి, తగ్గు గొంతుతో అడిగింది. "నువ్వు ఆమె ఇంట్లో ఉన్నదానివి. ఆ ఉల్లిగడ్డల తుఫానుకి అడగలేదనింది, ఆ తర్వాత అడుగుతానే ఉండిందా ఆమె? మానలేదు గదా?"

బయట ఎండ మండిపోతోంది. ఆమె నా నోటి వైపే చూస్తోంది.

"అడుగుతానే ఉండింది పిన్నమ్మా" అన్నాను.